చెడిన జాబ్ ఎవరి ఖాతాలో?

(మెట్‌పల్లిలో ఉస్తాద్ వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



కరపత్రం మీద ఉస్తాద్ అసలు పేరెందుకు వేయలేదని ఇందాక ఒకరు అడిగారు. వేస్తే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. రేషన్ కార్డులో ఆయనకూ ఒక పేరుండేది. ఆయన పోయిన రోజు కాగితాల కోసం ట్రంకు పెట్టె తెరిస్తే తప్ప ఆ పేరు మాలో చాలామందికి తెలియలేదు. ఊరికి ఆయన ఉస్తాద్. మేమంతా ఆయన షాగిర్దులం. ఆ ఒక్క మాట చాలనుకుని కరపత్రం మీద అదే వేశాం.

కోరుట్ల పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ఒక లేత్ మిషన్, ఒక డ్రిల్లింగ్ మిషన్, వెల్డింగ్ సెట్టు, నాలుగు వైసులు. చెరుకు బండ్ల ఇరుసులు, ట్రాక్టర్ ట్రాలీలు, పసుపు ఉడకబెట్టే కడాయిలు, పాలిష్ పట్టే డ్రమ్ములు, బోరు మోటర్ల షాఫ్టులు - ఈ చుట్టుపక్కల పొలంలో ఏది ఆగినా ఆ షెడ్డు ముందుకే వచ్చేది. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, 1977లో, పదో తరగతి గట్టెక్కి నేను అక్కడ చేరాను.

మొదటి నాలుగు నెలలు చీపురు, ఛాయ్, గ్రీజు గుడ్డలు. ఆ తర్వాత ఒకనాడు వైసులో చిన్న ఇనుప దిమ్మె బిగించి ఆకురాయి చేతికిచ్చారు. ఆరు ముఖాలూ చదునుగా రావాలి. మూలమట్టం ఆనించి వెలుతురుకేసి పట్టి చూస్తే సందులోంచి వెలుగు కనబడకూడదు. నాకు మొదటి పదిహేను రోజులూ వెలుగే కనబడింది. ఆకురాయి నెట్టేటప్పుడు మొదట్లో ఎడమచేతి బరువు ఎక్కువుండాలి, ముందుకు పోయినకొద్దీ అది కుడిచేతికి మారాలి. ఆ మార్పు కుదరకపోతే అంచులు జారిపోయి దిమ్మె నడుమ బొర్రలా తేలుతుంది. పుస్తకంలో ఇది రెండు వాక్యాల సంగతి. చేతికి ఎక్కడానికి నాకు రెండు నెలలు పట్టింది, నాలుగు దిమ్మెలు పోయాయి.

రెండో ఏడు లేత్ దగ్గరికి రానిచ్చారు. పసుపు పాలిష్ డ్రమ్ము ఇరుసుకు గన్‌మెటల్ బుష్ చేయాలి. బయటి కొలత సరిగ్గానే వచ్చింది. లోపల బోరింగు తీసేటప్పుడు ఆఖరి కోత కాస్త లోతుగా పడింది. ఇరుసు దూర్చి చూస్తే, బిగువుగా జారాల్సింది గలగల ఆడింది. లోహంతో పనికి దయ లేదు. తీసింది తీసిందే, మళ్లీ అతకదు. రైతు బయట బల్ల మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నాకు చెమటలు పట్టాయి.

"ఉస్తాద్, జాబ్ చెడింది" అన్నాను.

ఆయన బుష్ తీసుకుని లోపల వేలు తిప్పి చూశారు. "చెడితే చెడింది తియ్. ఎట్ల చెడింది, గది చెప్పు" అన్నారు. నేను తల దించుకుని నిలబడ్డాను. "పైసలు నాయి పోయినయ్ ర. ఎట్ల పోయినయో నీకు తెల్వకపోతే గవి వట్టిగనే పోయినట్టు" అని, కొత్త ముక్క కోసిచ్చి, అది పూర్తయ్యేదాకా నా పక్కనుంచి కదలలేదు. రైతుకు ఆ రోజు కూలి సగమే తీసుకున్నారు, ఆలస్యమైందని.

షెడ్డు తలుపు రేకు మీద, లోపలివైపు, షాగిర్దుకొక వరుస చొప్పున సుద్దముక్క గీతలుండేవి. చెడిన జాబ్‌కు ఒక గీత. జీతం కోయడానికి కాదు, కోయడానికి అసలు జీతమెక్కడిది? మూడు నెలలు కొత్త గీత పడకపోతే ఆ పిల్లవాణ్ని తర్వాతి మిషన్ దగ్గరికి పంపేవారు. నా పేరు కింద పదకొండు గీతలు పడ్డాయి. ఇవాళ నేను ఈ మైకు ముందు నిలబడ్డానంటే, ఆ పదకొండు గీతల ఖర్చూ ఒకరు పెట్టుకున్నందుకు.

మా పనిలో జాబ్ అంటే ఉద్యోగం కాదు, వైసులో బిగించిన ముక్క. నలభై ఏళ్లుగా ఊళ్లో పిల్లలు జాబ్ కావాలి, జాబ్ రాలేదు అంటుంటే నాకు మొదట తోచేది ఆ ముక్కే. ఒక జాబ్ దొరకాలంటే ముందు కొన్ని జాబ్‌లు చెడాలి. పని నేర్పడమంటే చెడగొట్టనివ్వడం. చెడగొట్టనివ్వడమంటే ఆ నష్టాన్ని ఎవరో తమ ఖాతాలో రాసుకోవడం. అప్రెంటిస్‌షిప్ అనండి, ఇంటర్న్‌షిప్ అనండి, ఏ పేరు పెట్టినా నేను అడిగేది ఒకటే: చెడిన జాబ్ ఎవరి ఖాతాలో పడుతోంది? ఇవాళ్టి ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్న.

మన ఊరి పనుల్నే చూద్దాం. మెట్‌పల్లి ఖద్దరుకు పేరుమోసిన ఊరు. రాట్నం ముందు కొత్తగా కూర్చున్న మనిషికి పోగు తెగుతూనే ఉంటుంది. తెగిన పోగు అతుకుతుంది, పాడైన ఏకు ఖరీదు ఏపాటిది? అందుకే రాట్నం ఎవరు ఎవరికైనా నేర్పగలిగారు, జైళ్లలో కూడా నేర్పారు. చెడగొట్టే ఖర్చు తక్కువైన విద్య ఊరంతా పాకుతుంది. ఖర్చు ఎక్కువైన విద్య ఒక కుటుంబంలోనో ఒక కారఖానాలోనో ఆగిపోతుంది. కులం, రహస్యం అని మనం చెప్పుకునేదాంట్లో కొంత నిజానికి ముడిసరుకు ధరే.

బీడీల సంగతి ఇంకో రకం. ఇక్కడి నుంచి కోరుట్ల, జగిత్యాల దాకా, అటు ఆర్మూరు, నిజామాబాద్ దాకా ఒళ్లో చాట పెట్టుకున్న ఆడవాళ్లు లేని వాడ లేదు. అమ్మాయి తల్లి పక్కన కూర్చుని తునికాకు కత్తిరించడంతో మొదలుపెడుతుంది. కంపెనీ వెయ్యి బీడీలకు ఇంత ఆకు, ఇంత తంబాకు అని తూచి ఇస్తుంది. పిల్ల చేతిలో ఆకు చినిగితే ఆ తక్కువను తల్లి కొని పూడ్చాలి. బాగాలేవని పక్కకు తీసేసిన బీడీలకు కూలి రాదు. కూతురు పని నేర్చుకున్న ఖర్చు తల్లి కూలిలోంచే పోతుంది, కంపెనీ ఖాతాలో పైసా పడదు. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టంలో, ముడిసరుకు ఇవ్వడం గురించీ, బీడీలు తిరస్కరించడం గురించీ, తిరస్కరించిన వాటి కూలి గురించీ వచ్చే తగాదాలు తీర్చడానికి ఒక ఏర్పాటు రాసిపెట్టారు. చెడిన సరుకు ఎవరి నెత్తిన పడాలన్నది చిన్న విషయం కాదని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు.

ఇక పెద్ద కర్మాగారాలు. 1961లో పార్లమెంటు అప్రెంటిస్ చట్టం చేసింది. అందులోని బేరం సూటిగా చెప్తాను. యజమాని పిల్లవాణ్ని చేర్చుకోవాలి, నేర్పాలి, స్టైపెండ్ ఇవ్వాలి. బదులుగా యజమానికి రెండు వెసులుబాట్లు. 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ నేర్చుకునేవాడే గాని కార్మికుడు కాడు. చట్టంలో మొదట రాసిన 22వ సెక్షన్ ప్రకారం శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం లేదు. పిల్లవాడికీ కొన్ని రక్షణలున్నాయి: భద్రత, ఆరోగ్యం విషయంలో ఫ్యాక్టరీ కార్మికులకున్న నియమాలే, పనిలో దెబ్బ తగిలితే పరిహారం, అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదన్న కట్టడి. కార్మికుడు కాడనడం చాలామందికి అన్యాయంగా తోస్తుంది. నేను దాన్ని వేరుగా చదువుతాను. వీడు చెడగొడతాడు, వీణ్ని ఉత్పత్తి లెక్కలో వేయొద్దు అని చట్టం చెప్పినట్టు నాకు వినిపిస్తుంది. అలా చదివితే అది గొప్ప చట్టం. అలా చదవని చోట అది చౌక కూలి.

రెండు రకాల మోసం చూశాను. షెడ్డు తర్వాత నేను ఐటీఐ చదివి ఒక కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేశాను, దాని పేరు ఇక్కడ అనవసరం. మొదటి రోజే చెప్పిన మాట: ఏదీ ముట్టుకోవద్దు. ఏడాది పొడుగునా స్టోర్స్‌లో చిట్టీలు రాశాను. సర్టిఫికెట్‌లో మాత్రం ఫిట్టర్ అని వచ్చింది. ఆ ఏడంతా నేను ఒక్క జాబ్ కూడా చెడగొట్టలేదు. బయటికి వచ్చాక నాకు భయం వేసింది అందుకే. ఇంకో రకం దీనికి తిరగేసినట్టు ఉంటుంది. వచ్చిన వారానికే పిల్లవాణ్ని ఒకే ప్రెస్ ముందు నిలబెట్టి ఏడాదంతా ఒకే రేకు కొట్టిస్తారు. అక్కడ చెడగొడితే మందలింపు, చెడగొట్టకపోతే అదే రేకు. ఒకచోట పనే ముట్టనివ్వరు, ఇంకోచోట పని తప్ప మరేదీ ముట్టనివ్వరు. రెండుచోట్లా నేర్పే ఖర్చు ఎవరి ఖాతాలోనూ పడలేదు, కాగితం మాత్రం పుట్టింది.

మనకు దగ్గర్లో ఆ ఖర్చును ఓర్చుకోగల చోటొకటి ఉండేది, ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ. చక్కెర ఫ్యాక్టరీకి రెండు కాలాలు. చెరుకు ఆడే కాలంలో నేర్చుకునేవాణ్ని ఎవరూ దగ్గరికి రానివ్వరు. మిల్లు గంట ఆగితే బయట బండ్ల వరుస ఎంత పెరుగుతుందో అందరికీ తెలుసు. సీజన్ అయిపోయి, రోలర్లు, పంపులు, బేరింగులు విప్పి నేల మీద పరిచినప్పుడు అదే బడి. విప్పింది మళ్లీ బిగించేలోగా పొరపాటుకు తావుంటుంది, దిద్దుకోవడానికి నెలలుంటాయి. 2015 డిసెంబరులో బోధన్, ముంబోజిపల్లి యూనిట్లతో పాటే ముత్యంపేటకూ లేఆఫ్ పడింది. ఉద్యోగాలు పోయాయని, చెరుకు రైతు దిక్కులేనివాడయ్యాడని మనం ధర్నాలు చేశాం, న్యాయమే. ఊరి పిల్లలు ప్రతి ఎండాకాలం నట్లు విప్పి చూడగలిగే చోటు పోయిందన్న మాట మాత్రం నేను చూసిన ఏ వినతిపత్రంలోనూ లేదు. ఫ్యాక్టరీని తెరిపిస్తామన్న మాట మళ్లీ వినబడుతున్న ఈ రోజుల్లో, తెరిచేటప్పుడు ఆ బడిని కూడా తెరవమని అడగడం మరవొద్దు.

మరి మన పిల్లలు ఇప్పుడు పని ఎక్కడ నేర్చుకుంటున్నారు? దుబాయిలో, దోహాలో, రియాద్‌లో. హెల్పర్ వీసా మీద పోతాడు. మొదట ఇటుక, సిమెంటు, పైపులు మోస్తాడు. పక్కన ఆర్మూరాయనో సిరిసిల్లాయనో షట్టరింగ్ కొడుతుంటే కళ్లతో నేర్చుకుంటాడు. రాత్రి క్యాంపులో అన్నం తింటూ, "అన్నా, గా జాకీ ఎట్ల బిగిస్తరే?" అని అడుగుతాడు. కొన్నేళ్లకు షట్టరింగ్ కార్పెంటరో, స్టీల్ ఫిక్సరో, పైప్ ఫిట్టరో అవుతాడు. అచ్చం మా షెడ్డు పద్ధతే. తేడా ఒక్కటే. మేం చెడగొడితే ఉస్తాద్ పైసలు పోయేవి. అక్కడ ఆ పిల్లవాడు పని రాక హెల్పర్‌గా గడిపిన ప్రతి నెలకూ ఇక్కడ వడ్డీ నడుస్తుంది. విదేశాలకు పంపే ఏజెంటు ముప్పై వేల రూపాయలకు మించి రుసుము తీసుకోకూడదని నిబంధన. ఈ హాల్లో ముప్పై వేలతో పోయినవాళ్లు చేయెత్తండంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకంటే మీకే బాగా తెలుసు. మన జిల్లాలో అన్నిటికంటే ఖరీదైన అప్రెంటిస్‌షిప్ అదే. దాని ఖాతా కుదువబెట్టిన పుస్తెలతాడు మీద ఉంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననను. 2016లో జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం వచ్చింది. స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఖర్చును పంచుకోవాలన్న ఆలోచన కాగితం మీదికి రావడమే నాకు సంతోషం. 2019లో నిబంధనలు మార్చి, ముప్పై మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నారు. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది దాకా ఉన్నచోట అది యజమాని ఇష్టం. ఇప్పుడు మన మెయిన్ రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. వెల్డింగ్ షాపులు, మోటర్ వైండింగ్ దుకాణాలు, ఫర్నిచర్ షెడ్లు. ముప్పై మంది ఎక్కడున్నారు? చాలాచోట్ల నలుగురు కూడా లేరు. మన ఊళ్లో పని నిజంగా నేర్పుతున్న చోట్లు చట్టం కంటికి ఆనవు.

2024లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం వచ్చింది. దేశంలోని 500 పెద్ద కంపెనీల్లో ఐదేళ్లలో కోటి మందికి ఏడాది పాటు అవకాశం, నెలకు 5,000 రూపాయలు, చేరేటప్పుడు ఒకసారి 6,000. ఆ ఐదు వేలలో 4,500 కేంద్రానిది, 500 కంపెనీది. ఏడాదిలో కనీసం సగం కాలం నిజమైన పనిచోటులో గడపాలన్న షరతు నాకు నచ్చింది. నచ్చనిది లెక్క. కంపెనీ జేబులోంచి పోయేది నెలకు ఐదు వందలైతే, ఆ పిల్లకు పని వచ్చిందా లేదా అని కంపెనీ ఎందుకు కంగారు పడాలి? పైసలు పోయినవాడే "ఎట్ల చెడింది" అని అడుగుతాడు. పైగా మెట్‌పల్లి పిల్ల హైదరాబాద్ హాస్టల్లో ఉండి ఆ ఐదు వేలలో ఎంత మిగుల్చుకుంటుందో ఆ పిల్లనే అడగండి. ఇక మన రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన కేంద్రాలుగా మార్చే పని మొదలైంది, 2,324 కోట్ల రూపాయల పథకం. మంచి మిషన్లు రావడం మంచిదే. మిషన్ ఖరీదు పెరిగినకొద్దీ "ముట్టుకోవద్దు" అన్న బోర్డు కూడా పెద్దదవుతుంది, ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి రిటైరైనవాడిగా చెప్తున్నాను. మిషన్ల బడ్జెట్‌లో చెడగొట్టడానికి ఇనుము ఎంత కొంటున్నారో కూడా అడగాలి.

ఇంతసేపూ ఉస్తాద్‌ను పొగిడాను. ఆయన పద్ధతిలో లోపాలు దాచిపెడితే ఆయనకే నచ్చదు. మాలో కొందరు పన్నెండేళ్లకే బడి మానేసి వచ్చారు. ఇవాళ పద్నాలుగేళ్ల లోపు పిల్లవాణ్ని పనిలో పెట్టుకోవడం నేరం, అది సరైన చట్టం. కళ్లద్దాలు లేకుండా గ్రైండింగ్ చేశాం. నా ఎడమ కంటిలోంచి ఇనుప రవ్వ రెండుసార్లు తీయించారు. ఆడపిల్ల ఆ షెడ్డు గడప తొక్కలేదు. కాగితమంటూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. పదేళ్లు ఆయన దగ్గర పనిచేసినవాడు బయట ఇంటర్వ్యూలో "నాకు పని వచ్చు" అని నోటితో చెప్పుకోవాల్సి వచ్చింది. నాకు కర్మాగారం ఇచ్చింది పనిలేని కాగితం. ఉస్తాద్ ఇచ్చింది కాగితంలేని పని. రెండూ ఒకేచోట దొరికే ఏర్పాటు ఎలా?

జర్మనీలో ఒక దారి ఉంది. అక్కడ పిల్లలు వారంలో మూడు నాలుగు రోజులు దుకాణంలో, ఒకటి రెండు రోజులు బడిలో ఉంటారు. 1969 నుంచి దానికి జాతీయ చట్టముంది. పరీక్ష పెట్టేది వృత్తిసంఘాల మండలి, దుకాణదారు కాదు. మనకు పనికొచ్చే సంగతులు రెండు. చిన్న దుకాణంలో అన్ని మిషన్లూ ఉండవు కాబట్టి, అలాంటి దుకాణాల పిల్లలందరికీ కలిపి మండలి ఉమ్మడి వర్క్‌షాపు నడుపుతుంది. పిల్లవాడు ఏం చేశాడో తన నోటుబుక్కులో రాసుకుంటాడు, నేర్పినవారు దాని మీద సంతకం పెడతారు. మా తలుపు రేకు మీది సుద్దగీతలే అక్కడ సంతకమున్న పుస్తకమయ్యాయి.

అది ఇక్కడ కుదరదనకండి. మెట్‌పల్లిలో వెల్డింగువాళ్లకు సంఘముంది, మోటర్ మెకానిక్‌లకు సంఘముంది. పది దుకాణాలు కలిసి ఇద్దరు పిల్లల్ని తీసుకోవచ్చు, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లను. అందులో ఒకరు అమ్మాయి కావాలి. మూడు నెలలు లేత్, మూడు నెలలు వైండింగ్, మూడు నెలలు ఫ్యాబ్రికేషన్, చివరి మూడు నెలలు వాళ్లు మెచ్చిన చోట. నోటుబుక్కులో చేసిన జాబ్‌లు ఒకవైపు, చెడిన జాబ్‌లు ఇంకోవైపు. చెడినదాని పక్కన ఎట్ల చెడిందో రెండు మాటలు, దాని కింద ఉస్తాద్ సంతకం. ఉద్యోగమిచ్చేవాళ్లు ఎడమవైపు కంటే కుడివైపు ఎక్కువ శ్రద్ధగా చదువుతారని నా నమ్మకం.

నేర్పేవాళ్లెవరు అంటారా? ప్రతి వాడలోనూ ఉన్నారు. పదిహేనేళ్లు గల్ఫ్‌లో పెద్ద పెద్ద కట్టడాల మీద షట్టరింగ్ కొట్టి, పైపులు వెల్డింగ్ చేసి, నడుము నొప్పితో తిరిగొచ్చిన మనుషులు పొద్దున ఛాయ్ హోటల్ దగ్గర ఉత్తగా కూర్చుంటున్నారు. చేతిలో అంతర్జాతీయ ప్రమాణాల పని ఉంది, జేబులో కాగితం లేదు. వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు 2015 నాటి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ పథకంలో పెట్టారు. ముందు వాళ్లకు కాగితం ఇప్పిద్దాం. ఆ తర్వాత వాళ్లను ఉస్తాద్ అని పిలుద్దాం.

వెనక నిలబడ్డ పిల్లలకు ఒక్క మాట. ఎక్కడైనా ప్లేస్‌మెంట్ అని, ఇంటర్న్‌షిప్ అని రమ్మంటే, స్టైపెండ్ ఎంతో అడగండి, తప్పక అడగండి. దాంతో పాటే ఇంకోటి కూడా అడగండి: "నేను చెడగొడితే ఏం చేస్తరు సార్?" "కోత పెడతాం" అంటే అక్కడ మీరు కూలి. "ఎందుకు చెడగొడతావ్, నిన్నసలు ముట్టుకోనియ్యం" అంటే అక్కడ మీరు అతిథి. "ఎట్ల చెడిందో అడుగుత" అన్నాయన దొరికితే స్టైపెండ్ కొంచెం తక్కువైనా కాళ్లకు దండం పెట్టి చేరండి.

అధ్యక్షుల వారు ఇప్పుడు లేచి నాకు శాలువా కప్పబోతున్నారని తెలుసు, బల్ల కింద కవరు కనిపిస్తోంది. ఈ ఏటికి కప్పించుకుంటాను, కొన్నది వాపసు తీసుకోరు కదా. వచ్చే ఏటి నుంచి మాత్రం శాలువా, పూలదండలు, మెమెంటో వద్దు. ఆ పైసలన్నీ ఒక డబ్బాలో వేసి, దాని మీద "చెడిన జాబ్‌ల ఖాతా" అని రాయండి. వాటితో గన్‌మెటల్ కొనండి. ఈ ఊళ్లో ఏ పిల్లో పిల్లవాడో బోరింగు తీస్తూ ఆఖరి కోత లోతుగా కోస్తారు. ఆ ముక్క ధర ఉస్తాద్ పేరు మీద రాయండి.